కొండగూబకు కట్టు

నేను చదివింది ఐదో తరగతి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అది కూడా తలలో లేదు, వేళ్ళలో ఉంది. విరిగిన ఎముక మీద బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కుతూ పోతే, విరిగిన చోట ఇసుక నలిగినట్టు గరగరమంటుంది. బీట మాత్రమే పడితే గరగర ఉండదు, సన్నటి గీత తగులుతుంది. ఏమీ కాకపోతే ఏమీ తగలదు. మా నాయన నాకు ఇది నేర్పేనాటికి నాకు పన్నెండేళ్ళు. ఇప్పుడు అరవై మూడు. ధర్మవరం నుంచి మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది. అయినా తెల్లారేసరికి మా ఇంటి అరుగు మీద పదిమంది ఉంటారు. కట్టు రంజాన్ ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

నాకొక నియమం ఉంది. విరగని దానికి కట్టు కట్టను. తోలు చీలి ఎముక బయటికి వస్తే పెద్దాసుపత్రికి పంపుతాను. మిగతాది నా వేళ్ళు చెబుతాయి. "రంజాన్ చెయ్యి చెప్పింది" అంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంక ఎదురు మాట ఉండదు. దానివల్ల నాకు కొంచెం పొగరు కూడా ఉంది. లేదని అబద్ధం చెప్పను.

అటువంటి నాకు, ఉగాది దాటిన వారంలో, నా వేళ్ళు ఇంక పనికిరావేమోనని అనుమానం వచ్చింది. ఆ నాలుగు రోజులూ నేను మనిషిలో మనిషిని కాను.

ముందు సునంద సంగతి చెప్పాలి. శుక్రవారం పొద్దున ధర్మవరం నుంచి చంద్రమోహన్ అనే నేతగాడు తన భార్యను మోటార్ సైకిల్ మీద తీసుకొచ్చాడు. మగ్గం గుంతలోకి దిగుతూ పడిందట, కుడి మణికట్టు విరిగిందట. ఆమె చెయ్యి కొంగులో చుట్టుకుని గుండెకు ఆనించుకుని ఉంది. నేను చెయ్యి అందుకుని మోచేతి నుంచి మణికట్టు దాకా బొటనవేలు దించాను. ఏమీ తగల్లేదు. ఎక్కడ నొక్కితే అక్కడ "అమ్మా" అంటోంది. నిజంగా విరిగినవాళ్ళు అలా అనరు, వాళ్ళకు ప్రాణం పోయేది ఒక్క చోటే.

"విరగలేదు," అన్నాను.

"విరిగిందన్నా. నా చెయ్యి నాకు తెల్దా?"

"నీకే తెలిసేదుంటే నా కాడికి ఎందుకొస్తివమ్మా?"

అరుగు మీదివాళ్ళు నవ్వారు. సునంద ముందుకు వంగి లోగొంతుతో, "కట్టన్నా. నలభై దినాలకి కట్టు. నీకు పుణ్యముంటాది," అంది.

నాకు కోపం నషాళానికంటింది. "యాభై ఏండ్లుగా విరగని చేతికి కట్టలేదు. నీ కోసరం కట్టల్లనా? నాటకాలాడేదానికి నా అరుగే దొరికిందా?" అని అందరికీ వినపడేలా అరిచాను. చంద్రమోహన్ ముఖం నల్లబడింది. ఏ చెయ్యి విరిగిందని తీసుకొచ్చాడో ఆ చెయ్యే పట్టుకుని లాక్కుపోయి బండి ఎక్కించుకున్నాడు. ఆమె ఈసారి "అమ్మా" అనలేదు. నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టిపోసినా బాగుండేది, ఆ చూపుకు అర్థం నాకు తెలియలేదు.

మధ్యాహ్నం సంగటి పెడుతూ నా భార్య మదీనాబీ ఆ అర్థం చెప్పింది. నీళ్ళిచ్చేటప్పుడు సునంద ఆమెతో గుట్టు విప్పిందట.

"ఆమె కూతురు జ్యోతిలక్ష్మికి తొమ్మిది దినాల్లో పెండ్లంట. పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. పెండ్లికొడుకు వాళ్ళ మేనత్త కొడుకే. పిల్ల నర్సింగు చదువుతాననె, ఎవురూ వినలేదు. ఈ లగ్నం తప్పితే మూఢమంట, ఆపైన ఆషాఢం. శ్రావణానికి పిల్లకు పద్దెనిమిది వస్తాయి. అప్పుడు తానే నోరు తెరిచి వద్దంటాదంట."

"దానికి చెయ్యి ఎందుకు విరగల్ల?"

"సునంద వాళ్ళత్త ఓబమ్మకు పట్టింపులెక్కువ. తల్లి చేతికి కట్టుండంగా కన్యాదానం నీళ్ళు పోస్తే పిల్ల కాపురం విరుగుతాదంటాది. ఆసుపత్రిలో ఎముకకు ఫోటో తీస్తే గుట్టు బయటపడుతాది. నీ చెయ్యి చెప్తే ఓబమ్మ మారుమాట్లాడదు. అందుకని నీ కాడికొచ్చింది."

"ఆమె కతలన్నీ నాకెందుకు? విరిగితే విరిగిందంటా, లేదంటే లేదంటా," అని చేయి కడుక్కున్నాను. నాకైతే అందులో తప్పేమీ కనపడలేదు. అయినా ఆ రోజు సంగటి సరిగా దిగలేదు.

మర్నాడు శనివారం సాయంత్రం నల్లేరు కోసం గుట్ట వెనక వంకకు వెళ్ళాను. నల్లేరు నూరి కట్టు కింద రాస్తే ఎముక త్వరగా అతుక్కుంటుంది. వంక పేరుకే వంక, నీళ్ళు పారి నాలుగేళ్ళయింది. రెండు వైపులా బండలు, వాటి సందుల్లో తంగేడు పొదలు, నల్లేరు తీగలు. పొద్దు వాలుతోంది కానీ వెలుతురు బాగానే ఉంది. నేను తీగ కోస్తుంటే తల పైనున్న బండ అంచు నుంచి ఏదో పెద్దది దభీమని నేల మీద పడింది.

చూస్తే గుడ్లగూబ. మామూలు పైడికంటి కాదు, మా వైపు కొండగూబ అంటాం. తల మీద కొమ్ముల్లా రెండు ఈకల కుచ్చులు, నారింజ రంగు కళ్ళు, గోళ్ళ దాకా ఈకలు కప్పిన కాళ్ళు. అది రాత్రి పక్షి. బూ...బో అని గొంతు వినడమే కానీ ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. దాని ఎడమ రెక్క భుజం దగ్గర జారిపోయి వేలాడుతోంది. ఆ రెక్కను మట్టిలో ఈడ్చుకుంటూ, బుసకొడుతూ, ముక్కు టకటకలాడిస్తూ కుంటుతోంది.

నాకు జాలేసింది. భుజం కింద ఎముక విరిగితే చెయ్యి అచ్చం అలాగే వేలాడుతుంది. నేను నాలుగడుగులు వేస్తే అది పదడుగులు పొర్లింది. నేను ఆగితే అదీ ఆగి నా వైపు చూసి మళ్ళీ రెక్క ఈడ్చింది. అలా నన్ను వంక మలుపు దాకా తీసుకుపోయింది. అక్కడ లక్ష్మన్న టమాటా చేనుంది. అడవిపందులు రాకుండా అతను చేను చుట్టూ పాత చీరలూ చేపల వలా కట్టాడు. గూబ వెనక్కి నన్ను చూస్తూ ఎగరబోయి ఆ వలలో చిక్కుకుంది. నేను పరుగెత్తి తువ్వాలు దాని మీద కప్పి పట్టుకున్నాను. ఇంత పెద్ద పక్షి ఎంత బరువుంటుందో అనుకున్నాను, ఎత్తితే ఒక బొద్దు కోడి బరువు కూడా లేదు. అంతా ఈకలే.

అక్కడే కూర్చుని వల తప్పించి, రెక్క మీద బొటనవేలు పెట్టాను. భుజం దగ్గర ఏమీ లేదు. మోచేతి దగ్గర లేదు. చివరిదాకా దించాను, లేదు. కుడి రెక్క కూడా చూసి రెండూ పోల్చుకున్నాను. రెండూ ఒకటే. గరగర లేదు, గీత లేదు, వాపు లేదు.

నాకు ఏమీ అర్థం కాలేదు. కళ్ళారా చూశాను కదా, విరిగిన రెక్కను ఈడ్చడం. పదడుగులు కాదు, వంద గజాలు చూశాను. సునంద అబద్ధమాడిందంటే ఆమెకో కారణముంది. నోరు లేని పక్షికి నాతో ఏం పని? నా అరుగు మీద కట్టు కట్టించుకుంటే దానికి ఏ లగ్నం తప్పుతుంది? పక్షి అబద్ధమాడదు. కాబట్టి అబద్ధం నా వేళ్ళదే.

తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. మదీనాబీ చూసి నోరు నొక్కుకుంది.

"ఏం మనిషివప్పా నువ్వు! దాన్ని ఎందుకు తెస్తివి?"

"రెక్క విరిగింది."

"చెయ్యి పెట్టి చూసినావా?"

"చూసినా. చేతికి తెలియడం లేదు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట నా నోటి వెంట ఆమె వినలేదు. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి తెచ్చింది. మనుషులకైతే పట్టీ బిర్రుగా వేస్తాను. దీనికి ఎంత బిగించాలో తెలియక, సన్నటి వెదురు బద్దలు రెండు ఆనించి, రెక్కను ఒంటికి చేర్చి గుడ్డ పీలికలతో చుట్టాను. అది ఆ నారింజ కళ్ళతో రెప్పవేయకుండా నన్నే చూసింది. కోళ్ళ గంప కింద పెట్టి, కోడి పేగులు వేసి, నీళ్ళు పెట్టాను. ముట్టలేదు.

ఆదివారం ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఇంట్లో గూబ ఉంటే కీడని ఒకరు, అటవీ శాఖవాళ్ళకు తెలిస్తే కేసని ఇంకొకరు. లక్ష్మన్న మాత్రం, "ఉండనీండప్పా, నా చేన్లో ఎలుకల్ని తినేది ఇదే," అన్నాడు. నాకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళ చేతులు పట్టుకుంటున్నాను, వేళ్ళు ఏదో చెబుతున్నాయి, అది నమ్మాలో వద్దో తెలియడం లేదు. తిప్పయ్య అనే కూలీ బండి మీద నుంచి పడి వచ్చాడు. మోచేతికి మూడు వేళ్ళ కింద గీత తగిలింది. మామూలుగా అయితే ఐదు నిమిషాల్లో కట్టు పడేది.

"అనంతపురం పోయి ఫోటో తీపించుకునిరాపో," అన్నాను.

తిప్పయ్య ముఖం చూడాలి. "నువ్వు ఫోటో అంటాండావేమన్నా? నీ చెయ్యే ఫోటో కదా మాకు?"

"చెప్పింది చెయ్యప్పా!" అని కసిరాను. మిగిలినవాళ్ళను కూడా అలాగే పంపాను. వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. సాయంత్రానికి అరుగు ఖాళీ అయింది. నా ఇంటి అరుగు ఖాళీగా ఉండటం మా నాయన పోయిన రోజు తర్వాత మళ్ళీ ఇదే.

చీకటి పడబోతుండగా వంక వైపు నుంచి బూ...బో అని మరో గూబ పిలిచింది. గంప కింద ఉన్నది మెడ పూర్తిగా వెనక్కి తిప్పి విన్నది. తర్వాత అదే మాట కొంచెం సన్నగా అంది. రెండూ ఒకదానికొకటి ఏం చెప్పుకున్నాయో నాకేం తెలుసు! ఆ రాత్రి మాత్రం అది పేగులు తిన్నది.

సోమవారం మధ్యాహ్నం తిప్పయ్య ఫోటో పట్టుకుని వచ్చాడు. ఎండకు ఎత్తి చూపించాడు. మోచేతికి మూడు వేళ్ళ కింద సన్నటి గీత. నేను ఎక్కడ అన్నానో అక్కడే.

"ఊరికే పొద్దు పోగొట్టినావు కదన్నా. కట్టేదేదో ఆపొద్దే కట్టుంటే పోయేది," అని విసుక్కున్నాడు.

సంతోషపడాల్సింది, నా అయోమయం రెట్టింపయింది. మనిషి దగ్గర నిజం చెప్పిన వేళ్ళు పక్షి దగ్గర ఎందుకు అబద్ధం చెప్పాయి? పక్షి ఎముక బోలు కాబట్టా? అలాగైతే కోళ్ళ కాళ్ళు ఎన్ని సరిచేయలేదు నేను! గంప ఎత్తి కట్టు మీద నుంచే రెక్క మళ్ళీ తడిమాను. ఏమీ లేదు. కళ్ళు మూసుకుంటే విరగలేదు, కళ్ళు తెరిచి ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే విరిగింది. మదీనాబీ వాకిట్లో నిలబడి, "ఆడికే పోయి చూడరాదా, అది యాడ పడిందో, ఎందుకు పడిందో," అంది. రెండు రోజులుగా నాకు తట్టని మాట అది.

మంగళవారం పొద్దున్నే వంకకు వెళ్ళాను. నేను నల్లేరు కోసిన బండ పక్క నుంచి పైకి ఎక్కాను. గూబ పడిన అంచు మీద, బండ నీడలో, మట్టి కొంచెం గుంత చేసి ఉంది. పుల్లలు లేవు, గడ్డి లేదు, గూడు అనడానికే ఏమీ లేదు. ఆ గుంతలో బూడిద రంగు బొచ్చుతో పిల్లలు. ఒకటి పెద్దది, ఒకటి మధ్యస్తం, ఒకటి మరీ చిన్నది. ఒకే ఈత పిల్లల్లా లేవు, ఒక్కొక్కటి ఒక్కో వారం పుట్టినట్టున్నాయి. ఆ తర్వాత కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒకాయన మోకాలికి కట్టు కట్టించుకోను వచ్చి నాకు వివరించాడు. ఈ గూబ గుడ్డుకూ గుడ్డుకూ మధ్య రోజులు గడుస్తాయట, మొదటిది పెట్టగానే పొదుగుతుందట, అందుకే పిల్లలు మెట్లు మెట్లుగా ఉంటాయట.

గుంత చుట్టూ ఉండలు పడి ఉన్నాయి. ఎలుకను మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండచుట్టి కక్కుతుంది గూబ. ఒకటి అలవాటు కొద్దీ విప్పి చూశాను. సూదుల్లాంటి ఎముకలు, చాలామట్టుకు విరగలేదు. పక్కనే నాలుగు ఎలుకలు, ఒక చిన్న పందికొక్కు, తెచ్చినవి తెచ్చినట్టే వరసగా పడి ఉన్నాయి. ఒక్కటి కూడా చీల్చలేదు. ఈగలు ముసురుతున్నాయి. పెద్ద పిల్ల ఒక ఎలుక తోకను పట్టి లాగుతోంది, చేతకావడం లేదు. చిన్నది కదలడం లేదు. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది, మెడ కింద చీమలు.

ఇంత తిండి ఉండగా ఇదెందుకు చచ్చింది? ఇక్కడ కూడా నాకు వెంటనే వెలగలేదు. వేట తెచ్చేది మగదనీ, దాన్ని ముక్కలు చేసి పిల్లల నోటికి పెట్టేది తల్లి అనీ ఆ కాలేజీ ఆయన చెప్పాకే తెలిసింది. కానీ తల్లి ఎక్కడుందో నాకు తెలుసు. నా కోళ్ళ గంప కింద ఉంది.

అప్పుడు వెనక దభీమని చప్పుడైంది. తిరిగి చూస్తే కింద వంకలో ఇంకో కొండగూబ, కొంచెం చిన్నది. ఎడమ రెక్క భుజం దగ్గర జారిపోయి వేలాడుతోంది. మట్టిలో ఈడ్చుకుంటూ, బుసకొడుతూ, ముక్కు టకటకలాడిస్తూ కుంటుతోంది. అదే రెక్క. అదే నడక.

నేను బండ మీద అలాగే చతికిలబడ్డాను. మొగుడికీ పెళ్ళానికీ ఒకే రెక్క ఒకే చోట విరుగుతుందా? కాసేపటికి లేచి కిందికి దిగి, కావాలనే దాని వెంట నడిచాను. అది నన్ను శనివారం తీసుకుపోయిన దారినే తీసుకుపోయింది. మలుపు దాటి, పిల్లలున్న బండ కనపడనంత దూరం పోయాక, విరిగిన రెక్క చక్కగా విచ్చుకుంది. చప్పుడే లేకుండా లేచి, గుట్ట మీదుగా ఎగిరిపోయింది.

నా వేళ్ళు నిజమే చెప్పాయి. మొదటి నుంచీ నిజమే చెప్పాయి. పక్షి నన్ను మోసం చేసింది. పిల్లల మీద నుంచి నా చూపు తిప్పడానికి తనను తాను అవిటిదాన్ని చేసుకుని నా ముందు పడింది. నేనేమో మహా వైద్యుణ్ణి, దాని రెక్కకు కట్టు కట్టి మూడు రాత్రులు గంప కింద పెట్టాను. నాకు ఏడుపొచ్చింది. అరవై మూడేళ్ళవాణ్ణి, వంకలో ఒక్కణ్ణే నిలబడి ఏడ్చాను.

ఇంటికి పరుగెత్తి కట్టు కోశాను. గూబను తువ్వాల్లో చుట్టి వంకకు తెచ్చి, మలుపు దగ్గర నేల మీద వదిలాను. అది వెంటనే కదల్లేదు. ఎడమ రెక్క విదిలించింది, మళ్ళీ విదిలించింది. బిగుసుకుపోయిందేమోనని భయపడ్డాను. చివరికి ఎగిరింది. పిల్లల వైపు పోలేదు, ఎదురు గట్టు మీద వాలి నన్నే చూస్తూ కూర్చుంది. నేనున్నంతసేపూ పోదని అప్పటికి నాకు తెలివి వచ్చింది. లక్ష్మన్న చేను దాకా వెనక్కి నడిచి చెట్టు చాటున కూర్చున్నాను. ఎండ తగ్గేసరికి అది బండ అంచు మీద దిగింది. కాలి కింద ఎలుకను తొక్కిపట్టి ముక్కుతో చీల్చడం కనపడింది. రెండు నోళ్ళు లేచాయి. మూడోది లేవలేదు.

ఇంటికొచ్చి అంతా మదీనాబీకి చెప్పాను.

"మంచిదే కదా. నీ చెయ్యి పోలేదు."

"పోలేదు."

"మరి ఎందుకట్లుండావు?"

ఆ రాత్రి పడుకున్నా నా కళ్ళ ముందు గూబ లేదు. కొంగులో చుట్టుకున్న చెయ్యి ఉంది, ఎక్కడ నొక్కితే అక్కడ "అమ్మా" అన్న గొంతు ఉంది. ఆ చూపు ఏమిటో ఇప్పుడు నిజంగా తెలిసింది. ఆమె చేసినదాన్ని పదిమందిలో నాటకమన్నాను. నాటకమే. ఎవరి కోసమో అడగలేదు. తర్వాత మదీనాబీ చెప్పినా నాకు పట్టలేదు.

బుధవారం మొదటి బస్సుకు వెదురు బద్దలూ పీలికలూ సంచిలో వేసుకుని ధర్మవరం వెళ్ళాను. చంద్రమోహన్ ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. లోపల ఒక మగ్గం ఆడుతోంది, రెండోది ఖాళీగా ఉంది. నడవలో చుట్టాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు రోలు చుట్టూ కూర్చున్నారు. పసుపు దంచే రోజట. రోకలి సునంద చేతిలో ఉంది. కుడి చేతిలోనే.

నన్ను చూసి ఆమె దంచడం ఆపింది. అత్త ఓబమ్మ పీట మీద నుంచే, "ఏమప్పా రంజానూ, పిలవకనే వస్తివే," అంది. చంద్రమోహన్ మగ్గం ఆపి లేచి వచ్చాడు.

నేను అందరికీ వినపడేలా అన్నాను. శుక్రవారం ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానే. "ఓబమ్మక్కా, తప్పు చెప్పను వచ్చినా. ఆ దినం ఈమె చెయ్యి నేను సరిగ్గా చూడలేదు. మంది ఎక్కువుండారని తొందరపడి నోటికొచ్చింది అన్నా. నాలుగు దినాలుగా నిద్ర పట్టలే. మళ్ళా చూసి పోతా."

"నువ్వే విరగలేదంటివి కదా!" అన్నాడు చంద్రమోహన్. "పదిమందిలో నాటకమంటివి. నా పరువు తీస్తివి."

"అంటినప్పా. చూడకనే అంటి."

ఓబమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "నీ చేతికి తెలియనిది ఉంటాదా?"

"చెయ్యి మంచిదేక్కా. తిప్పయ్యకు మొన్న ఫోటో తీస్తే నేను చెప్పిన చోటనే ఉండాది. మనిషికే పొగరు."

సునంద రోకలి ఎప్పుడో కింద పెట్టింది. ఆమె ముఖంలో నమ్మకం లేదు, భయం ఉంది. మళ్ళీ నవ్వులపాలు చేస్తానేమో అనుకుందో ఏమో. నేను ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాను. ఆమె చాలాసేపటికి తన చెయ్యి ఇచ్చింది. మోచేతి నుంచి బొటనవేలు దించాను. శుభ్రమైన ఎముక. ముప్పై ఏళ్ళు మగ్గం మీద ఆడిన చెయ్యి, ఎక్కడా ఒక్క గీత లేదు. మణికట్టుకు రెండు వేళ్ళ పైన ఆగి గట్టిగా నొక్కాను.

"ఈడ," అన్నాను. "బీట పడింది."

ఆమె నన్ను చూసింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత "అమ్మా!" అంది. ఈసారి ఒక్క చోటే అంది.

"ఇంత చేతితో రోకలి ఎత్తించినారా?" అని నేను ఓబమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇంకొక దినం పోతే రెండు ముక్కలయ్యేది. నలభై ఒక్క దినం కట్టు. ఈ చెయ్యి నీళ్ళచెంబు కూడా ఎత్తగూడదు."

"నలభై ఒకటా!" ఓబమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూఢం దాకా పోయి ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. "ఆదివారం నీళ్ళెవురు పోస్తారు? కట్టు చేత్తో పోసేది నేను ఒప్పను." చంద్రమోహన్ ఏదో అనబోయాడు. ఆమె కసిరింది. "బయట సంబంధమా ఏమన్నా? నా కూతురి కొడుకే కదా, యాడికి పోతాడు? శ్రావణంలో చూస్తాం." తలుపు వెనక నుంచి ఒక అమ్మాయి తొంగి చూసింది. చేతుల నిండా పసుపు. వెంటనే వెనక్కి జరిగింది.

నేను బద్దలు ఆనించి పట్టీ చుట్టడం మొదలుపెట్టాను. ఓబమ్మ నన్నే చూస్తోంది.

"అట్లయితే, పదేండ్ల కిందట మా తమ్మునికి కాలు విరగలేదంటివే. ఇప్పటికీ కుంటుతాడు. అది కూడా చూడకనే చెప్పినావా?"

ఆ కాలు నాకు బాగా గుర్తుంది. అది విరగలేదు. వాడు తాగి పడి, పనికి పోవడం ఇష్టం లేక కుంటడం మొదలుపెట్టి, అలాగే అలవాటు చేసుకున్నాడు. నా వేళ్ళు ఆ రోజు ఎంత సరిగ్గా చెప్పాయో ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

"అయ్యుంటాదక్కా," అన్నాను.

"మా తమ్ముడొక్కడేనా? ఇంక ఎంతమందికి అట్ల చెప్పినావో! ఈ పని మానుకోప్పా నువ్వు." చుట్టాల ఆడవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఈ మాట సాయంత్రానికి ధర్మవరమంతా, రేపటికి మా ఊరి అరుగు దాకా పోతుందని నాకు తెలుసు. ఎవరైనా ఇంత మాట అంటే వారం కిందట ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి.

"అట్లేలేక్కా," అని చివరి ముడి వేశాను.

పట్టీ కింద సునంద నాలుగు వేళ్ళు బయటికి ఉన్నాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే ఆ వేళ్ళు నా బొటనవేలిని గట్టిగా పట్టుకున్నాయి. విరిగిన చేతికి అంత పట్టు ఉండదు. అది నా వేలికి తెలిసింది, నేను ఎవరికీ చెప్పలేదు.